మూలనపడ్డ రుబ్బురోలుతో పెరట్లో ఫౌంటెన్

మా ఇంట్లోకి వెట్ గ్రైండర్ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఆ రోజు నుంచి మా ఆవిడ పుట్టింటివాళ్ళు పెట్టిన రుబ్బురోలు పెరట్లో జామచెట్టు కింద పడి ఉంది. వానాకాలం దాంట్లో నీళ్ళు నిలిస్తే దోమలు, ఎండాకాలం నిండా జామాకులు. కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా దిగిపోయినవాణ్ణి, ఇంట్లో కూర్చుంటే చేతులు ఊరుకోవు. ఒకరోజు మనవడు ఆ రోట్లో చెంబుతో నీళ్ళు పోస్తూ, అవి అంచు దాటి పొర్లుతుంటే చప్పట్లు కొడుతున్నాడు. అది చూశాకే ఈ ఆలోచన వచ్చింది. నాలుగు రోజుల పని అనుకున్నది, చేసిన తప్పులన్నీ కలుపుకుంటే నెలన్నర పట్టింది. నేను చేసిన తప్పులు మీరు చేయకపోతే మీకు నిజంగా నాలుగు రోజుల పనే.

ముందు ఒక మాట. ఫౌంటెన్ అనగానే అందరికీ నీళ్ళు పైకి ఎగజిమ్మడమే గుర్తుకొస్తుంది. ఇంటికి అది వద్దు. చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్ లాగా నడిమధ్య పెద్ద తొట్టి ఉంటే చిమ్మినా అందమే. మన పెరట్లో అయితే కాస్త గాలి వీచిందంటే సగం నీళ్ళు గోడ మీద పడతాయి, మిగతా సగం పక్కింటివాళ్ళు ఆరేసిన బట్టల మీద. మా నల్లగొండ ఎండల్లో అలా గాల్లోకి ఎగరేసే నీళ్ళు సాయంత్రానికి మిగలవు కూడా. అందుకే పొంగి, అంచు మీదుగా జారి, గులకరాళ్ళ మధ్య మాయమయ్యే ఫౌంటెన్ చేయండి. నీళ్ళ తొట్టి పైకి కనపడదు, రోలూ రాళ్ళే కనిపిస్తాయి. చిన్నపిల్లలున్న ఇంట్లో తెరిచిన తొట్టి లేకపోవడమే మేలు.

ఇది పనిచేసే తీరు చాలా సులువు. భూమిలో పాతిన సగం డ్రమ్ములో నీళ్ళు ఉంటాయి, దాని అడుగున చిన్న పంపు ఉంటుంది. పంపు నుంచి పైపు రోలు అడుగున పెట్టిన బెజ్జంలోంచి పైకి వస్తుంది. రోలు నిండి నీళ్ళు అంచు దాటతాయి, రాళ్ళ సందుల్లోంచి మళ్ళీ డ్రమ్ములోకే పోతాయి.

పంపు కోసం దూరం పోనక్కర్లేదు. ఎయిర్ కూలర్లలో వేసే 18 వాట్ల పంపు చాలు. పెట్టె మీద రెండు అంకెలు ఉంటాయి: ఒకటి గంటకు ఎన్ని లీటర్లు, రెండోది ఎంత ఎత్తు. నేను కొన్నదాని మీద 1100 లీటర్లు, 1.8 మీటర్లు అని ఉంది. ఇక్కడే చాలామంది మోసపోతారు. ఆ రెండూ ఒకేసారి రావు. అసలు ఎత్తే లేకపోతే 1100 లీటర్లు వస్తాయి, 1.8 మీటర్ల ఎత్తుకు ఎక్కిస్తే చుక్క కూడా రాదు. మీ ఎత్తు వీటి మధ్యలో ఎక్కడో ఉంటుంది. డ్రమ్ము అడుగు నుంచి రోలు అంచు దాకా నాకు రెండుంపావు అడుగులు, అంటే 70 సెంటీమీటర్లు. అంత ఎత్తుకు పైపు పట్టుకుని లీటరు సీసా కింద పెట్టి ఫోన్లో టైం చూశాను. ఆరున్నర సెకన్లలో నిండింది. అంటే గంటకు 550 లీటర్లు. నాలుగు వేళ్ళ వెడల్పు అంచు మీదుగా నీళ్ళు పల్చటి తెరలా పడటానికి అది సరిపోయింది. రోలు మొత్తం చుట్టూ పొర్లాలంటే మాత్రం చాలదు, దానికి 40 వాట్ల పంపు కావాలి. నా మటుకు ఒక పక్కనుంచి పడేదే బాగుంటుంది, చప్పుడు కూడా ఒక చోట నుంచే వస్తుంది.

డ్రమ్ము సంగతికొస్తే, 200 లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్మును అడ్డంగా సగానికి కోయిస్తే అడుగున్నర లోతు తొట్టి వస్తుంది. అడుగు భాగమే తీసుకోండి, బిరడాలున్న పైభాగం వద్దు, అది కారుతుంది. ఇంతకుముందు దాంట్లో ఏం పోశారో అమ్మేవాణ్ణి అడగండి. నాది పచ్చళ్ళ ఫ్యాక్టరీ నుంచి వచ్చిందట, మూడుసార్లు సర్ఫుతో కడిగినా వారం రోజులు ఆవపిండి వాసన పోలేదు. అయినా మందుల డ్రమ్ము కన్నా పచ్చళ్ళ డ్రమ్ము నయం.

గుంత డ్రమ్ము కన్నా నాలుగు వేళ్ళు వెడల్పుగా తవ్వండి. మా దగ్గర రెండు జానల కింద మొరం తగిలింది, గడ్డపారతో ఒక పూట పని. అడుగున రెండు అంగుళాల ఇసుక పోసి, నీళ్ళు చల్లి, గట్టిగా తొక్కి, డ్రమ్ము పెట్టి, చుట్టూ సందులో కూడా ఇసుకే నింపాలి. డ్రమ్ము అంచు నేలకన్నా రెండంగుళాలు పైకి ఉండనివ్వండి. నేను మొదట నేల మట్టానికే పెట్టాను. మొదటి వానకే పెరటి బురదంతా దాంట్లోకి దిగి నీళ్ళు టీ రంగుకు వచ్చాయి.

ఇప్పుడు బరువు సంగతి. రోలు యాభై కిలోల పైనే ఉంటుంది. డ్రమ్ము మీద ఇనప జాలీ వేసి దాని మీద రోలు పెడితే జాలీ మొదటి రోజే వంగిపోతుంది. ఆ బరువు డ్రమ్ము అడుగున నిలబెట్టిన ఇటుకల మీద పడాలి. నేను పదహారు అంగుళాల పొడుగు, ఎనిమిది ఎత్తు, నాలుగు మందం ఉన్న సిమెంటు సాలిడ్ ఇటుకలు నాలుగు తీసుకున్నాను. ఒకదాని మీద ఒకటి రెండు, వాటికి ఎదురుగా ఇంకో రెండు, నడుమ మూడంగుళాల సందు. ఆ సందులోంచే పైపు రోలు బెజ్జానికి ఎక్కుతుంది. రెండు వరసలు కలిపితే పదహారు అంగుళాలు, మిగిలిన ఎత్తును గ్రానైటు ముక్కలతో సరిచేశాను. కొత్త సిమెంటు ఇటుకలను వారం రోజులు నీళ్ళలో నానబెట్టి, రోజూ నీళ్ళు మార్చండి, లేకపోతే సున్నం దిగుతూనే ఉంటుంది. జాలీ గులకరాళ్ళు మోయడానికే. దాంట్లో ఒక మూల చెయ్యి దూరేంత ముక్కను కోయించి విడిగా పెట్టుకోండి, పంపు తీయడానికి దారి అదే. ఆ దారి లేకుండా మొత్తం పేర్చేసి, తర్వాత పంపు కోసం రెండు సంచుల రాళ్ళు ఎత్తిపోసినవాడి మాట వినండి.

ఇక రోలు. నీళ్ళు ఒక పక్కనే పడాలని, అంచుకు చిన్న గాడి కొడదామని ఉలి, సుత్తి పట్టుకుని కూర్చున్నాను. పది దెబ్బల దాకా బాగానే ఉంది. పదకొండో దెబ్బకు అరచేయంత పెచ్చు ఎగిరి కాళ్ళ దగ్గర పడింది. చప్పుడుకు మా ఆవిడ బయటికొచ్చింది.

"ఏమైందండీ?"

"ఏం లేదు, చిన్న పెచ్చు."

"ఇంట్లో ఇన్ని రాళ్ళుండగా మా అమ్మ పెట్టిన రోలే దొరికిందా మీకు?"

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తనే వచ్చి రోలు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, "ఇక కానివ్వండి, రోట్లో తల పెట్టినాక రోకటి పోటుకు భయపడితే ఎట్లా" అంది. పోటు ఎవరికో నేను అడగలేదు.

కాబట్టి గ్రానైటు మీద సొంత చేతి పని వద్దు. అడుగు బెజ్జానికి కోర్ కటింగ్ వాళ్ళను పిలవండి. ఏసీ పైపుల కోసం గోడలకు బెజ్జాలు వేసేవాళ్ళే. 20 మిల్లీమీటర్ల డైమండ్ బిట్టుతో, పక్కన ఒకరు నీళ్ళు పోస్తూ ఉంటే పదిహేను నిమిషాల్లో అయిపోయింది. బిట్టుకు నీళ్ళు ఆగితే వేడెక్కి పాడవుతుంది, రాయి కూడా చిట్లుతుంది. నా దగ్గర ఐదొందలు తీసుకున్నారు. బెజ్జం పెట్టడం ఇష్టం లేదా, పైపును రోలు వెనక నుంచి ఎక్కించి అంచు మీదుగా లోపలికి వంచి, దాన్ని పొత్రం చాటున దాచేయవచ్చు. ముందు నుంచి చూసేవాళ్ళకు తెలియదు. ముందే ఇది తోచి ఉంటే నేనూ ఇదే చేసేవాణ్ణి.

పైపుకు మేస్త్రీలు మట్టం చూసుకునే అరంగుళం లెవెల్ పైపు వాడండి. మెత్తగా వంగుతుంది, లోపల నాచు పట్టిందో లేదో కనిపిస్తుంది. బెజ్జంలో పైపు చుట్టూ తడి లేకుండా తుడిచి సిలికాన్ పెట్టి ఒక రోజు మొత్తం ఆరనివ్వాలి. పైపు పై కొస రోలు అడుగుకు సమంగా కోసేయండి. అలా ఉంటే పంపు ఆపగానే రోట్లో నీళ్ళు పైపులోంచే వెనక్కి డ్రమ్ములోకి దిగిపోతాయి, రాత్రంతా రోలు ఖాళీగా ఉంటుంది, దోమలకు చోటుండదు. దానికోసం డ్రమ్ములో నాలుగు వేళ్ళ జాగా ఖాళీగా ఉంచాలి. డ్రమ్ము నిండా పోస్తే పంపు ఆపిన ప్రతిసారీ నీళ్ళు నేలపాలే.

రోలు ఎక్కించడానికి ఇద్దరు కావాలి. ఎత్తకండి, ఒక పలక వాలుగా పెట్టి, గోనెసంచి పరిచి, అంచు మీద దొర్లించండి. నడుం పట్టేస్తే ఫౌంటెన్ ముందు కూర్చోవడానికి కూడా ఉండదు.

కూర్చోబెట్టాక రసమట్టం పెట్టి చూడండి. అన్నివైపులా సమంగా ఉండాలని కాదు, నీళ్ళు పడాల్సిన వైపు వెంట్రుకవాసి వాలుండాలి. నేను ఎదురు పక్క కింద రెండు రూపాయి బిళ్ళలంత మందం గ్రానైటు పెంకు దూర్చాను. అంతే, నీళ్ళన్నీ ఎగిరిపోయిన పెచ్చు దగ్గరికే వచ్చాయి. పాడైందనుకున్న చోటే ఇప్పుడు నీటి ధార పడే నోరు.

వచ్చాయి గానీ పడలేదు. ఈ చిక్కు అందరికీ వస్తుంది. నీళ్ళు అంచు దాటగానే కింద పడకుండా, రాయిని అంటుకుని, అంచు కిందికి మలుపు తిరిగి రోలు ఒంటి మీదుగా పాకుతూ పోతాయి. గ్లాసులోంచి పాలు మెల్లగా ఒంపితే గ్లాసు వెంబడే కారతాయి చూడండి, అదే. కొత్త ఇళ్ళ సన్‌షేడ్ల అడుగున, అంచుకు దగ్గరగా, మేస్త్రీలు పొడుగునా చిన్న గాడి తీస్తారు. వాన నీళ్ళు గోడ దాకా పాకకుండా ఆ గాడి దగ్గరే తెగిపడతాయి. అదే ఉపాయం ఇక్కడా. రాతికి గాడి తీయలేం కాబట్టి, అంచు అడుగున పెన్సిలంత మందం సిలికాన్ గట్టు గీసి ఆరనిచ్చాను. మర్నాడు పంపు వేస్తే నీళ్ళు ఆ గట్టు దగ్గర తెగి, గాజు ముక్కలా నిటారుగా పడ్డాయి. ధార పల్చగా ఉంటే గట్టు కూడా పనిచేయదు, వేగం ఉండాలి, అందుకే ముందే లీటరు సీసా లెక్క చూసుకోమన్నది.

చప్పుడు మీ చేతిలోనే ఉంటుంది. ధార కింద గుండ్రటి పెద్ద రాయి పెడితే సన్నగా చిటపట, రాళ్ళు పక్కకు జరిపి కింద నీళ్ళలోనే పడనిస్తే గుబగుబ. నేను అరచేయంత రాయిని సగం నీళ్ళలో, సగం పైకి ఉంచాను. దాని చోటు కోసం ఒక సాయంత్రమంతా పోయింది. తుంపర ఎంత దూరం పోతుందో కూడా చూసుకోండి. పడే ఎత్తు అడుగైతే చుట్టూ అడుగు దాకా తడుస్తుందని లెక్క, డ్రమ్ము అంచు ఆ లోపల ఉంటే నీళ్ళు పోతూనే ఉంటాయి. గులకరాళ్ళు నర్సరీలో సంచుల్లో దొరుకుతాయి. తెచ్చినవి తెచ్చినట్టు పోయకండి. బకెట్లో వేసి, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగండి, ఆ దుమ్మే పంపు పీకను పట్టుకునేది.

కరెంటు సంగతి

ఈ భాగం తొందరపడకుండా చదవండి. ముప్పై ఒక్క ఏళ్ళు నా పని ఇదే.

కూలర్ పంపుల్లో చాలావాటికి రెండే తీగలు ఉంటాయి, ఎర్త్ ఉండదు. పంపు కొత్తగా ఉన్నంత కాలం ఫరవాలేదు. రెండేళ్ళకు వైరు పైతొడుగు ఎక్కడో పగిలిందంటే డ్రమ్ములో నీళ్ళకు కరెంటు వస్తుంది, మన మనవలు చేతులు పెట్టేది అక్కడే. ఇంట్లో ఎంసీబీ ఉంది కదా అంటారు. ఎంసీబీ లోడు ఎక్కువైతేనో షార్ట్ అయితేనో పడుతుంది. మనిషి గుండా పోయే కరెంటు దానికి ఆనదు కూడా. కావలసింది 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. అది చేసే పని ఒకటే: ఫేజులో ఎంత కరెంటు పోయిందో న్యూట్రల్‌లో అంతా తిరిగొచ్చిందా అని చూస్తూ ఉంటుంది. తేడా వచ్చిందంటే మిగతాది నీళ్ళలోంచో మనిషిలోంచో భూమిలోకి పోతున్నట్టే, రెప్పపాటులో తెంచేస్తుంది. దాని మీద 'టీ' అని చిన్న మీట ఉంటుంది. నెలకోసారి నొక్కండి, టక్కున పడాలి. పడకపోతే అది ఉన్నా లేనట్టే. ఫౌంటెన్‌కు పెట్టిన ఖర్చులో ఎక్కడైనా తగ్గించుకోండి, ఇక్కడ మాత్రం వద్దు.

సాకెట్ నేలకు కనీసం మూడడుగుల ఎత్తున, వాన పడని చోట, మూత ఉన్న పెట్టెలో ఉండాలి. వైరు నేరుగా సాకెట్‌లోకి పోకూడదు. ఒకసారి సాకెట్ కన్నా కిందికి ఉయ్యాలలా దిగి, మళ్ళీ పైకెక్కి ప్లగ్గులో చేరాలి. వైరు వెంబడి జారే నీటి చుక్క ఆ ఉయ్యాల అడుగునే రాలిపోతుంది, ప్లగ్గు దాకా రాదు. స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరును కూడా మీటరులోకి పోయే ముందు ఇలాగే కిందికి వంచి పెడతాం. వైరు పొట్టిగా ఉందని నీళ్ళలో అతుకు వేసి టేపు చుట్టకండి, అతుకు ఎప్పుడూ పైన, పెట్టెలోనే. డ్రమ్ములో చెయ్యి పెట్టేముందు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకండి. స్విచ్‌ను ఫేజు మీద కాక న్యూట్రల్ మీద వేసిన ఇళ్ళు నేను లెక్కలేనన్ని చూశాను, అక్కడ స్విచ్ ఆపినా పంపు దాకా కరెంటు ఉంటూనే ఉంటుంది. ఇదంతా టెన్షన్ అనిపిస్తే 12 వోల్టుల పంపులు అడాప్టరుతో సహా దొరుకుతాయి. అడాప్టరు ఇంట్లోనే గోడకు ఉంటుంది, బయటికి వచ్చేది 12 వోల్టులే.

కరెంటు బిల్లు గురించి అడుగుతారు. పొద్దున రెండు గంటలు, సాయంత్రం నాలుగు గంటలు నడిపితే 18 వాట్ల పంపుకు నెలకు మూడు యూనిట్ల పైచిలుకు. మిగతా ఖర్చు చెప్పాలంటే పంపు 350, డ్రమ్ము 450, బెజ్జం 500, రాళ్ళు 600, జాలీ 300, సిలికాన్ 250, పైపు 80. ఇటుకలు ఇంట్లో మిగిలినవే, ఆర్‌సీసీబీ ముందే ఉంది.

కట్టాక వచ్చే తిప్పలు

మొదటి పంపు నెల తిరక్కుండానే కాలిపోయింది. మే నెలలో అమ్మాయి వాళ్ళింటికి రెండు రోజులు పోయాం, ఫౌంటెన్ ఆపడం మరిచాను. ఎండకు, తుంపరకు నీళ్ళు తగ్గి పంపు బయటపడింది. ఈ పంపులకు చల్లదనం చుట్టూ ఉన్న నీళ్ళే, నీళ్ళు లేకుండా తిరిగితే కాలడమే. ఇప్పుడు ఎండాకాలం రోజుకు ఒక బకెట్టు పోస్తాను, ఊరెళ్తే ప్లగ్గు పీకి వెళ్తాను. పంపును డ్రమ్ము అడుగున బురదలో పెట్టకుండా ఒక ఇటుక ముక్క మీద పెట్టండి, దాని నోటికి పాత దోమతెర ముక్క రబ్బరు బ్యాండుతో కట్టండి.

మా బోరు నీళ్ళు ఉప్పన. రెండు వారాలకు రోలు అంచున తెల్లటి చార వచ్చింది, నల్లరాతి మీద ముగ్గు ఒలికినట్టు. పంపు కూడా మూలగడం మొదలెట్టింది. దానికి మందు వంటింట్లోనే ఉంది. పంపు ముందు మూత ఊడదీస్తే లోపల చిన్న రెక్కల చక్రం, దాని తోక అయస్కాంతం, వేళ్ళతో పట్టి లాగితే బయటికొస్తుంది. ఒక మగ్గు గోరువెచ్చని నీళ్ళలో రెండు చెంచాల నిమ్మఉప్పు కలిపి అరగంట నాననివ్వండి. బుడగలు వస్తాయి, తెల్లపెచ్చు మెత్తబడుతుంది. పాత పళ్ళ బ్రష్‌తో తోమితే చాలు. రోలు అంచుకు అదే నీళ్ళలో గుడ్డ ముంచి కప్పి ఉంచండి. రోలు గ్రానైటు కాబట్టి ఏమీ కాదు. అదే మీరు కడప రాయో, షాబాదు బండో, పాలరాయో వాడి ఉంటే నిమ్మఉప్పు దగ్గరికి కూడా రానివ్వకండి. అవి సున్నపురాతి జాతి, పులుపు తగిలితే నునుపు పోతుంది. వానాకాలం డాబా మీది నీళ్ళు పట్టి పోస్తే ఈ చారల బాధే ఉండదు.

నాచుకు మూలం ఎండ. జామచెట్టు నీడ సగం పూట ఉన్నా తగ్గుతుంది, డ్రమ్ము మీద రాళ్ళు ఒత్తుగా ఉంటే లోపలికి వెలుగే పోదు. బ్లీచింగ్ వేయొద్దు, పిట్టలు తాగుతాయి.

దోమల సంగతి నవ్వులాట కాదు. డెంగీ దోమ గుడ్లు పెట్టేది మంచి నీళ్ళలోనే, గుడ్డు దోమ అవడానికి వారం, పది రోజులు చాలు. నీళ్ళు కదులుతున్నా రాళ్ళ కింద మూలల్లో నిలిచే నీళ్ళుంటాయి. శుక్రవారం డ్రై డే అని ఆరోగ్యశాఖవాళ్ళు ఇంటింటికీ చెప్పేది అందుకే. నేను శుక్రవారం పొద్దున నీళ్ళను రోట్లోకి కాక పక్కకు తిప్పే ఏర్పాటు చేసుకున్నాను. పంపు దగ్గర పైపును రెండుగా చీల్చే ఒక టీ జాయింటు వేసి, రెండో నోటికి చిన్న వాల్వు, దానికి పది అడుగుల పైపు. వాల్వు తిప్పితే డ్రమ్ములో నీళ్ళన్నీ నిమిషాల్లో మందార, కరివేపాకు పాదుల్లోకి పోతాయి. పంపు గుర్రుమనగానే ప్లగ్గు పీకాలి, అక్కడ నుంచి కదలకూడదు. అడుగున మిగిలింది చెంబుతో తోడి, పక్కలు చీపురుతో రుద్ది, కొత్త నీళ్ళు పోస్తాను. అరగంట పని.

పొత్రం మిగిలిపోయింది. ఫౌంటెన్ పక్కన నిలబెడదామన్నాను. మా ఆవిడ ఒప్పుకోలేదు. దాన్ని కడిగి లోపలికి తీసుకుపోయింది. ఇప్పుడది వంటింటి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం.